ఒక్క పోటీ అడిగిన ఆడబిడ్డ



గెలిచినవారిని గూర్చి రాయడము సుళువు. పతకము మెడలో వేసికొని నిలబడిన ఫొటో ఉంటుంది, చప్పట్లు ఉంటాయి, నాలుగు మంచి మాటలు కలిపితే వ్యాసము పూర్తవుతుంది. ఈ నెల మేము మాత్రము ఒక ఓటమితో ఆరంభించదలచాము.

2019వ సంవత్సరము డిసెంబరు 28న ఢిల్లీలో ఒక బాక్సింగ్ పోటీ జరిగింది. మన నిజామాబాదుకు చెందిన 23 ఏండ్ల అమ్మాయి, ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన మేరీ కోమ్‌తో తలపడింది. 9-1 తీర్పుతో మేరీ కోమ్ గెలిచారు. ఓడిన అమ్మాయి పేరు నిఖత్ జరీన్.

ఆ పోటీ దానంతట అది జరుగలేదు. ఆ అమ్మాయి నోరు తెరిచి అడిగితే జరిగింది. తాను అడిగి తెచ్చుకొన్న పోటీలోనే, దేశమంతా చూస్తుండగా ఆమె ఓడిపోయింది. ఆ తరువాత రెండున్నరేండ్లు నిండకుండానే ప్రపంచ విజేత అయింది. ఈ రెండు సంగతుల నడుమ మన కుటుంబములు, ముఖ్యముగా బిడ్డలను పెంచుతున్న తలిదండ్రులు, నేర్చుకోదగినది చాలా ఉన్నదని మాకు తోచింది.

మా చుట్టుప్రక్కల సంగతి

మేము కాపరిగా ఉన్న సంఘము హైదరాబాదులో హైటెక్ సిటీ, గచ్చిబౌలి పరిసరములలోనిది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు చుట్టూ బండరాళ్ళు, తుప్పలు ఉండేవని పాతకాపులు ఇప్పటికీ చెబుతుంటారు. 2002లో జాతీయ క్రీడల కొరకు గచ్చిబౌలిలో పెద్ద స్టేడియము వెలసింది. ఆ మరుసటి సంవత్సరము ఆఫ్రో-ఏషియన్ క్రీడలు కూడా హైదరాబాదులోనే జరిగాయి. అటు తరువాత అద్దాల మేడలు ఒకదాని ప్రక్కన ఒకటి లేచాయి. గుంటూరు నుండి, ఖమ్మము నుండి, కరీంనగర్ నుండి, కర్నూలు నుండి వచ్చిన కుటుంబములు ఇక్కడ అపార్టుమెంట్లలో స్థిరపడ్డాయి.

ఇక్కడి ఇండ్లలో మేము తరచుగా వినే మాటలు మూడు: ర్యాంకు, ప్యాకేజీ, ప్రమోషను. బిడ్డ ఎల్‌కేజీలో చేరిననాటి నుండి ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్క మొదలవుతుంది. ఆటలు కూడా ఈ లెక్కలోనికే వచ్చాయి. శనివారము సాయంత్రము పిల్లవానిని కరాటేకో, బాక్సింగుకో, బాడ్మింటన్‌కో తీసికొనిపోవు తండ్రి, మూడు నెలలు తిరగక ముందే “మావాడికి మెడల్ ఎప్పుడొస్తుంది సార్?” అని కోచ్‌ని అడుగుతున్నాడు. ఆటలో ఓడిపోయి వచ్చిన బిడ్డతో ఏమి మాట్లాడవలెనో మాత్రము చాలామందికి తెలియదు. అందుచేతనే ఈ నిజామాబాదు అమ్మాయి జీవితము మన ముందుంచుకొని కొంత ఆలోచించుట మేలు.

నలుగురు ఆడపిల్లల ఇల్లు

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాదులో పుట్టింది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్, తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురు ఆడపిల్లలలో ఈమె మూడవది. తండ్రి బ్రతుకు తెరువు కొరకు అనేక సంవత్సరములు సౌదీ అరేబియాలో పనిచేశారు. బిడ్డల చదువు కొరకు, నిఖత్ ఆట కొరకు ఆ పని విడిచి ఊరికి తిరిగి వచ్చారు. గల్ఫ్ సంపాదన అంటే ఏమిటో నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల వైపు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ ఉన్న కొలువును ఆడపిల్ల ఆట కొరకు వదులుకొని వచ్చిన తండ్రులు ఎంతమంది ఉంటారు?

మొదట ఆమె పరుగు పందెములలో సాధన చేసేది. మైదానములో అన్ని ఆటలలోనూ ఆడపిల్లలు కనబడుతున్నారు గాని బాక్సింగులో మాత్రము లేరు. ఎందుకని తండ్రిని అడిగింది. ఆడపిల్లలకు అంత బలము లేదని జనము అనుకొంటారని ఆయన చెప్పిన జవాబు ఆమెకు సరిపడలేదు. తండ్రి ఆమెను నిజామాబాదులోనే శిక్షణ ఇచ్చుచున్న సంసముద్దీన్ అను కోచ్ దగ్గర చేర్చారు. తోడు ఆడపిల్లలు లేనందున మగపిల్లలతోనే సాధన చేయవలసి వచ్చింది. తొలి రోజులలోనే ముక్కు నుండి రక్తము కారి, కంటి క్రింద నల్లగా కమిలి ఇంటికి వచ్చింది. ఆ ముఖము చూచి తల్లి వణికిపోయింది. ఇలాగైతే రేపు ఈ పిల్లను ఎవరు పెండ్లి చేసికొంటారన్నది ఆ తల్లి దిగులు. పేరు తెచ్చుకొంటే వరులే వరుస కడతారని కూతురు నవ్వించి ఊరుకోబెట్టిందట.

చుట్టాలు, ఇరుగుపొరుగు ఊరకే ఉండరు గదా. ఆడపిల్ల నిక్కరు, చేతులు లేని బనియను వేసికొని మగపిల్లలతో ఆడుట ఏమిటన్న మాటలు వచ్చాయి. ఆ మాటలను తండ్రి తానే ఎదుర్కొన్నారు. కూతురు చెవిని వేసి ఆమె మనస్సు విరిచే పని చేయలేదు.

మన సంఘములలో ఇట్టి ఇండ్లు లేవా? పదమూడు, పద్నాలుగు ఏండ్లు రాగానే “ఇక చాలు, ఆటలు మానెయ్యి” అని ఆడపిల్లను ఇంట కూర్చోబెట్టినవారు మాకు తెలుసు. అందులో ప్రేమ లేదని అనలేము. ఆ తల్లి వణికినట్టే వీరూ వణుకుతున్నారు. కాని భయము ఒకటి, బిడ్డకు ఉన్న తలుపు మూసివేయుట మరొకటి.

ఈ ఆట నడిచే తీరు

బాక్సింగ్ అంటే ఒకరినొకరు గుద్దుకొనుట అని మాత్రమే మనలో అనేకుల తలంపు. ఒలింపిక్ పద్ధతిలో జరిగే పోటీ మూడు రౌండ్లు. ఒక్కొక్క రౌండు మూడు నిమిషములు. రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు తీర్పరులు ఎవరికి వారే మార్కులు వేస్తారు. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణముగా 9. ఐదుగురూ ఒకరికే ఇస్తే 5-0 అంటారు. అంటే సంవత్సరముల తరబడి చేసిన సాధన తొమ్మిది నిమిషములలో తేలిపోతుంది.

దానికి ముందు తూకము ఉంది. పోటీ జరిగే రోజు ఉదయమే త్రాసు ఎక్కి, తమ తరగతి బరువుకు మించలేదని చూపవలెను. 50 కిలోల తరగతిలో ఉన్నవారు 50 దాటకూడదు. ఆకలితో ఉండి తూకము ఇచ్చి, అదే రోజు దెబ్బలకు నిలబడవలెను. పండుగ పూట బిర్యాని వాసన వస్తుండగా ప్రక్కకు తప్పుకొను ఆ నిగ్రహము ఎంతటిదో మనము ఊహించుకోవచ్చును.

మహిళల బాక్సింగుకు గుర్తింపు చాలా ఆలస్యముగా వచ్చింది. వారి మొదటి ప్రపంచ పోటీలు 2001లో జరిగాయి. ఒలింపిక్స్‌లో చోటు దొరికినది 2012లో, లండన్‌లో. ఆ లండన్‌లోనే మన దేశానికి కాంస్యము తెచ్చినవారు మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్. అంటే నిజామాబాదులో నిఖత్ గ్లోవ్స్ తొడుక్కొన్న రోజులలో, ఆడపిల్లలకు ఒలింపిక్స్‌లో బాక్సింగ్ పోటీయే లేదు. అయినా ఆమె సాధన ఆపలేదు. విశాఖపట్నములోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రములో చేరి, ద్రోణాచార్య పురస్కారము పొందిన ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణ పొందింది. 2011లో టర్కీలోని అంతల్యలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీలలో స్వర్ణము గెలిచినప్పుడు ఆమెకు ఇంకా 15 ఏండ్లు నిండలేదు. ఆ తరువాత యూత్ ప్రపంచ పోటీలలో రజతము వచ్చింది. 2017లో భుజము కీలు తప్పి శస్త్రచికిత్స జరిగింది. ఏడాది పాటు రింగుకు దూరమైంది. తిరిగి వచ్చి, 2019 ఫిబ్రవరిలో బల్గేరియాలోని సోఫియాలో పేరుగాంచిన స్ట్రాంజా టోర్నమెంటులో స్వర్ణము తెచ్చింది.

“మన” అక్క, “వారి” చెల్లెలు

ఇప్పుడు 2019 సంగతికి వద్దాము. ఆ సంవత్సరము ప్రపంచ పోటీలకు 51 కిలోల తరగతిలో ఎవరిని పంపవలెనన్న ప్రశ్న వచ్చింది. ట్రయల్ పోటీ లేకుండానే బాక్సింగ్ సమాఖ్య మేరీ కోమ్‌ను ఎంపిక చేసింది. ఆమె అక్కడ కాంస్యము గెలిచారు. ఆ తరువాత ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా ట్రయల్ లేకుండానే ఆమెను పంపుతారన్న మాట బయటికి వచ్చింది. అప్పుడు, అక్టోబరు నెలలో, నిఖత్ అప్పటి కేంద్ర క్రీడల మంత్రి కిరెన్ రిజిజు గారికి లేఖ వ్రాసింది. తనను ఎంపిక చేయుమని ఆమె అడుగలేదు. న్యాయముగా ఒక పోటీ పెట్టమని అడిగింది. 23 ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతి ఒలింపిక్స్‌కు మరల అర్హత సాధించుకొనవలసి వచ్చినదని గుర్తుచేసింది. చిన్ననాటి నుండి మేరీ కోమ్ అంటే తనకు గౌరవమని కూడా చెప్పుకొన్నది.

ఆ దినములలో మా యౌవనస్థుల కూడికలో ఈ విషయము మీద పెద్ద చర్చ జరిగింది. మేరీ కోమ్ క్రైస్తవురాలు. ముగ్గురు కుమారులను కన్న తరువాత కూడా రింగులో నిలిచి గెలిచిన తల్లి. మా పిల్లలలో చాలామందికి ఆమె ఫొటో గోడ మీద ఉండేది. “మన అక్కను ఇలా నిలదీస్తారా? ఆరు ప్రపంచ స్వర్ణములు గెలిచిన మనిషిని పరీక్షించాలా?” అని ఒక అమ్మాయి కన్నీళ్ళతో అడిగింది. ఇంకొక యౌవనుడు లేచి, “అయ్యగారూ, రేపు మా ఆఫీసులో నా ప్రమోషను ఇంటర్వ్యూ లేకుండా ఇంకొకరికి ఇస్తే నేను ఊరుకోవాలా?” అన్నాడు. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆనాడు మేము వారికి చెప్పినది ఇంతే. మనవారైనందున న్యాయము ఒక వైపుకు మొగ్గకూడదు. మేరీ కోమ్ గొప్పతనము ఎవరూ తీసివేయలేనిది. ఆ గొప్పతనమునకు పోటీ వలన నష్టము లేదు, పోటీ లేకపోతేనే దాని మీద మచ్చ పడుతుంది. ఇక ఆ నిజామాబాదు అమ్మాయి ఇంట ప్రార్థించే తీరు వేరు గనుక ఆమె మనవి మన చెవికి తక్కువగా వినిపిస్తే, లోపము ఆమె మనవిలో లేదు, మన చెవిలో ఉంది.

చివరకు సమాఖ్య ట్రయల్ పెట్టింది. ఫలితము మొదటనే చెప్పాము. మేరీ కోమ్ అనుభవము ముందు ఆ రోజు నిఖత్ నిలువలేకపోయింది. పోటీ ముగిసిన తరువాత ఇద్దరూ చేతులు కలుపుకొనుట కూడా జరుగలేదు. వేడి మీద ఉన్న మాటలు ఇరువైపులా వినిపించాయి. టోక్యో ఒలింపిక్స్‌కు మేరీ కోమ్ వెళ్ళారు. నిఖత్ ఇంటి నుండి చూచింది.

పోటీయే దొరకనివారు

ఒక్క పోటీ అడిగి తెచ్చుకొనుట అంత పెద్ద సంగతా అని ఎవరైనా అడుగవచ్చును. అందుకు దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాము. కరేబియన్ సముద్రములోని చిన్న ద్వీప దేశము క్యూబా. బాక్సింగులో ఆ దేశము పేరు చెబితే ప్రపంచమంతా తల వంచుతుంది. మన దేశపు బాక్సర్లకు 1990 నుండి శిక్షణ ఇచ్చి, 2012లో ద్రోణాచార్య పురస్కారము పొందిన తొలి విదేశీ కోచ్ బి.ఐ. ఫెర్నాండెజ్ గారు క్యూబావారే.

ఆ దేశములో 1962లో వృత్తి క్రీడలను నిషేధించారు. డబ్బు కొరకు బాక్సింగ్ చేయకూడదు, దేశము కొరకే చేయవలెను. తియోఫిలో స్టీవెన్సన్ అనే మహా బాక్సర్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణములు గెలిచి, బయటి నుండి వచ్చిన లక్షల డాలర్ల బేరములను కాదని సొంత దేశములోనే ఉండిపోయాడు. అతడు ఇష్టపడి తీసికొన్న నిర్ణయమది. మరి ఇష్టము లేనివారి సంగతి ఏమిటి?

గిల్లెర్మో రిగోండో అనే బాక్సర్ 1980లో శాంటియాగో డి క్యూబాలో పుట్టాడు. 2000లో సిడ్నీలో, 2004లో ఏథెన్స్‌లో స్వర్ణములు గెలిచాడు. 2007లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో జట్టును విడిచి వెళ్ళినందుకు, తిరిగి ఇంటికి పంపబడిన తరువాత అతనిని రింగులోనికి రానీయలేదు. రెండు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన చేతులకు ఆట లేకుండా పోయింది. చివరకు 2009లో భార్యాబిడ్డలను వెనుక విడిచి, దేశము దాటి అమెరికా చేరాడు. అక్కడ వృత్తి బాక్సరుగా ప్రపంచ విజేత అయ్యాడు. 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఫిలిప్పీన్స్‌కు చెందిన నోనిటో డొనేర్‌ను ఓడించాడు. బెల్టులు వచ్చాయి గాని ఇల్లు దూరమైంది. క్యూబా ప్రభుత్వము తన బాక్సర్లను వృత్తి పోటీలకు అనుమతించినది 2022లో, నిషేధము పెట్టిన అరవై ఏండ్లకు.

గల్ఫ్‌కు పోయి వచ్చిన మన జిల్లాలవారికి ఆ మనిషి బాధ అర్థమవుతుంది. కుటుంబమా, బ్రతుకు తెరువా అన్న ప్రశ్న వారికి పాతదే. నిఖత్ పరిస్థితి అట్టిది కాదు. ఒక లేఖ వ్రాసే స్వేచ్ఛ ఆమెకు ఉంది. లేఖకు జవాబు వచ్చింది. పోటీ జరిగింది. ఓడిపోయినా ఇంటికి తిరిగి వచ్చి, మరునాడు మరల గ్లోవ్స్ తొడుక్కొనగలిగింది. మనకు దొరికిన ఇట్టి మేలులను మనము లెక్కపెట్టుకొనము.

తెచ్చుకొన్న విజయములు

2022 ఫిబ్రవరిలో సోఫియాలో మరల స్ట్రాంజా స్వర్ణము గెలిచింది. ఆ పోటీల సెమీఫైనల్‌లో టోక్యో ఒలింపిక్ రజత విజేత, టర్కీకి చెందిన బూసే నాజ్ చాకిరోగ్లును ఓడించింది. అదే సంవత్సరము మే 19న ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ పోటీల 52 కిలోల ఫైనల్‌లో థాయిలాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్ మీద 5-0తో గెలిచింది. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ అనువారి తరువాత ప్రపంచ స్వర్ణము గెలిచిన ఐదవ భారత మహిళ ఈమె. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో 50 కిలోల స్వర్ణము, ఆ ఏడాదే అర్జున పురస్కారము వచ్చాయి. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాంకు చెందిన గుయెన్ థి టామ్‌ను 5-0తో ఓడించి రెండవసారి ప్రపంచ విజేత అయింది. మూడేండ్ల క్రిందట 9-1తో ఓడిన పట్టణములోనే ఈ గెలుపు దొరికింది.

ఆమె మొదటి గురువు సంసముద్దీన్ కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ కూడా అదే సంవత్సరము తాష్కెంట్‌లో పురుషుల ప్రపంచ పోటీలలో కాంస్యము గెలిచాడు. సెమీఫైనల్‌లో క్యూబాకు చెందిన సైడెల్ హోర్తాతో తలపడవలసి ఉండగా మోకాలి గాయము వలన బరి నుండి తప్పుకొనవలసి వచ్చింది. ఒకే సంవత్సరములో, ఒకే గురువు దగ్గర మొదలుపెట్టిన ఇద్దరు నిజామాబాదు బిడ్డలు ప్రపంచ పతకములు తెచ్చారు.

పారిస్‌లో

కథ ఇక్కడ ముగిస్తే బాగుండును గాని, జీవితము అలా ముగియదు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు ఆమె వెళ్ళింది. పతకము తప్పక వస్తుందని అందరూ అనుకొన్నారు. మొదటి పోటీలో జర్మనీ అమ్మాయి మీద గెలిచింది. ఆగస్టు 1న రెండవ పోటీలో చైనాకు చెందిన వూ యూ ఎదురైంది. ఆమె 2023 ఢిల్లీ ప్రపంచ పోటీలలోనే 52 కిలోల విజేత. నిఖత్ 5-0తో ఓడిపోయింది. కన్నీరు ఆపుకొనలేక, తన్ను మన్నించమని దేశ ప్రజలను అడిగింది. వూ యూ చివరకు స్వర్ణము గెలిచింది. అంటే పోటీ నిజముగా కష్టమైనదే. అయినా పన్నెండేండ్లకు పైగా కన్న కల తొమ్మిది నిమిషములలో చెదిరింది.

ఆ దినమున ఇక్కడ ఆఫీసు క్యాంటీన్లలో, ఫోన్లలో వచ్చిన మాటలు కొన్ని మా చెవిని కూడా పడ్డాయి. “ఇంత హడావుడి చేసి ఇంతేనా” అన్నవారున్నారు. తెలంగాణ ప్రభుత్వము ఆ సంవత్సరమే ఆమెకు డి.ఎస్.పి. ఉద్యోగము ఇచ్చినప్పుడు, ఇక ఆట ముగిసినదని అన్నవారూ ఉన్నారు. ఆమె మాత్రము మరల రింగులోనికి వచ్చింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్‌లో, 2022లో తాను ఓడించిన ఆ చాకిరోగ్లు చేతిలోనే ఓడింది. రెండు నెలల తరువాత గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణము గెలిచింది. ఓటమి, గెలుపు, మరల ఓటమి, మరల గెలుపు. ఆమె జీవితము నిజముగా నడిచిన తీరు ఇది. పత్రికలలో మనకు కనబడినది గెలుపు ఫొటోలు మాత్రమే.

ఓడిపోయానని చెప్పలేని ఇండ్లు

కొన్నేండ్ల క్రిందట మా సంఘములోని ఒక యౌవనునికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగము పోయింది. ఇంటిలో చెప్పలేదు. ప్రతి ఉదయము ఇస్త్రీ చొక్కా వేసికొని, ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకొని, మెడలో పాత గుర్తింపు కార్డు కూడా వేసికొని బయలుదేరేవాడు. దుర్గం చెరువు ప్రక్కన కూర్చొనేవాడు. భార్య కట్టి ఇచ్చిన టిఫిను అక్కడే తినేవాడు. సాయంత్రము ట్రాఫిక్‌లో అలసినట్టు ఇంటికి వచ్చేవాడు. రెండు నెలలు ఇలా గడిచాయి. అప్పు తీసికొని జీతమన్నట్టు ఇంటిలో ఇచ్చాడు.

ఒక రాత్రి మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకొని చాలాసేపు ఊరకున్నాడు. తరువాత, “అయ్యగారూ, ఉద్యోగము పోయినందుకు కాదు. పోయిందని నాన్నతో అనడానికి నోరు రావడము లేదు. చిన్నప్పటి నుండి నేను ఫస్టు వచ్చాననే ఇంటిలో చెప్పాను. ఓడిపోయానని ఎలా చెప్పాలో నాకు తెలియదు” అన్నాడు.

అతనితోపాటు మేము కూడా వారి ఇంటికి వెళ్ళాము. తండ్రి రిటైరైన బడిపంతులు. విని, కొంతసేపు కళ్ళజోడు తుడుచుకొంటూ ఉండిపోయి, “రెండు నెలలు ఎండలో కూర్చున్నావురా?” అని మాత్రమే అడిగాడు. అంతే, ఆ కొడుకు తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ రోజే అప్పులన్నీ కాగితము మీద వ్రాసికొన్నారు. ఐదు నెలల తరువాత అంతకంటె తక్కువ జీతముతో ఇంకొక ఉద్యోగము దొరికింది. ఇప్పుడు ఆ ఇల్లు నెమ్మదిగా ఉంది.

ఆ తండ్రి చెడ్డవాడు కాడు, కొడుకు అబద్ధికుడు కాడు. ఆ ఇంటిలో గెలుపు చెప్పుకోవడానికి మాటలున్నాయి, ఓటమి చెప్పుకోవడానికి మాత్రము మాటలు లేవు. ఆ ఒక్క కొరత వలన ఒక మనిషి రెండు నెలలు చెరువు గట్టున ఒంటరిగా కూర్చున్నాడు.

ఇంట చేయదగిన మూడు పనులు

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పరుగు పందెమును, ముష్టియుద్ధమును పోలికగా తీసికొన్నాడు. కొరింథు పట్టణము దగ్గరలోనే రెండేండ్లకొకసారి ఇస్త్మియ క్రీడలు జరిగేవి గనుక అక్కడివారికి ఆ పోలిక వెంటనే అర్థమయ్యేది. ఎదుట ఎవరూ లేకుండా ఉత్తగాలిలో చేతులు ఆడించువాని వలె తాను లేనని ఆయన చెప్పుకొన్నాడు. ఎదురు లేని చోట ఎవరైనా వీరుడే. నిజమైన ఎదుటివానితో నిలబడినప్పుడే మన బలము, మన కొరత రెండూ తెలుస్తాయి. నిఖత్ అడిగినది అదే.

కనుక తలిదండ్రులకు మేము మూడు సంగతులు మనవి చేస్తున్నాము.

మొదటిది, బిడ్డకు అడుగుట నేర్పండి. బడిలో గాని, ఆటలో గాని, ఆఫీసులో గాని తనకు అన్యాయము జరిగినదని తోచినప్పుడు, దూషించక, వెనుక గొణుగక, పేరు పెట్టి మర్యాదగా అడుగగలుగుట గొప్ప విద్య. అడుగవలసినది ఫలితము కాదు, అవకాశము. మాకు పదవి ఇవ్వండి అనుట వేరు, మమ్మును కూడా పరీక్షించండి అనుట వేరు.

రెండవది, మనవారు, పైవారు అన్న లెక్క బిడ్డల ముందు వేయకండి. మన సంఘమువాడు, మన కులమువాడు, మన జిల్లావాడు గనుక గెలవాలని కోరుకొనుట సహజమే. కాని అందు కొరకు న్యాయము వంగినా ఫరవాలేదని బిడ్డకు అర్థమైతే, రేపు ఆ వంగిన న్యాయమే వానికి అడ్డము వస్తుంది.

మూడవది, ఓటమి మాట ఇంటిలో సులువుగా పలుకనీయండి. భోజనము దగ్గర తండ్రి తనకు ఆ వారములో కుదరని పనిని ఒకటి చెప్పవచ్చును. తల్లి కూడా చెప్పవచ్చును. అప్పుడు బిడ్డ కూడా, “నాన్నా, నాకు లెక్కలలో 31 వచ్చాయి” అని దాచకుండా చెబుతాడు. ఆ మాట విన్న వెంటనే మన ముఖము మారకుండా ఉండుట కష్టమే. దానికి కూడా సాధన కావలెను.

పారిస్ నుండి ఉత్తచేతులతో తిరిగి వచ్చిన కూతురికి నిజామాబాదు ఇంటి తలుపు తెరిచే ఉంది. పదమూడేండ్ల వయస్సులో కమిలిన ముఖముతో వచ్చిననాడు తెరిచి ఉన్న తలుపే అది. మన ఇంట ఈ సంవత్సరము ఎవరైనా ఓడి వస్తారు. ఇంటర్ ఫలితములు వచ్చిననాడో, కంపెనీలో పేర్ల జాబితా వచ్చిననాడో, పెండ్లి సంబంధము తప్పిననాడో. వారు గుమ్మము దగ్గర నిలబడి మన ముఖము వైపు చూస్తారు. అప్పుడు “ముందు లోపలికి రా, అన్నము తిను” అనే మాట మన నోట సిద్ధముగా ఉండాలి.